పదిహేనో కర్ర

నేను ఒక గోల్ఫు కర్రను. పేరుకే కర్రను. చేత్తో పట్టుకునే చోట రబ్బరు తప్పిస్తే నిలువెల్లా ఇనుమే. అయినా ఆడేవాళ్ళు మమ్మల్ని కర్రలనే అంటారు. మనుషులు ఒకసారి నోటికి అలవాటైన పేరును మార్చుకోరు. మద్దిగుట్ట క్లబ్బులో నాకు ఇంకో పేరు కూడా పెట్టారు, పదిహేనో కర్ర అని. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పుకు రావాలి.

నేను జలంధర్లో ఒక కార్ఖానాలో పుట్టాను. మూడో నంబరు ఐరన్‌ని. మా కర్రల్లో నంబరు చిన్నదైన కొద్దీ ముఖం నిటారుగా ఉంటుంది. నాతో బంతి కొడితే పైకి లేవదు, నేలబారుగా పరిగెడుతుంది. కొత్తవాళ్ళు నన్ను చూస్తే దండం పెట్టి తప్పుకుంటారు. సికింద్రాబాదులో ఒక దుకాణం అద్దాల బీరువాలో దుమ్ముకొట్టుకుని నిలబడి ఉండగా బొద్దుల హన్మాండ్లు నన్ను కొన్నాడు. ఆయన గోదావరి అవతల గనుల కంపెనీలో సర్వే విభాగంలో పనిచేసేవాడు. ఎన్నో కర్రలు అటూ ఇటూ ఊపి చూసి, ఎవరూ అడగని నన్నే ఎందుకు ఎంచుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం చాలా గర్వపడ్డాను.

మద్దిగుట్ట కోర్సు సంగతి చెప్పాలి. కంపెనీ కాలనీ పక్కన టేకు అడవిని అక్కడక్కడా చీల్చి పచ్చటి బాటలు పరిచారు. వాటిని ఫెయిర్‌వేలు అంటారు. బాటకు రెండు పక్కలా చెట్లే. టేకు, మద్ది, తునికి, మోదుగ. ఏటా చాంపియన్‌షిప్ పోటీలకు పెద్దపెద్ద ఊళ్ళనుంచి ఆటగాళ్ళు వస్తారు. వాళ్ళ సంచుల్లో డ్రైవర్ అని ఒక కర్ర ఉంటుంది. బుర్ర పెద్దది, బంతిని అందరికంటే దూరం పంపుతుంది. వచ్చినవాళ్ళు మొదటి దెబ్బకే దాన్ని తీస్తారు, బలంకొద్దీ కొడతారు, తర్వాత పొద్దంతా చెట్లలో బంతులు వెతుక్కుంటారు. ఆకురాలే కాలంలో అయితే ఇక అడగక్కర్లేదు. విస్తరంత టేకాకులు బాటనిండా పరుచుకుంటాయి. కళ్ళముందు పడ్డ బంతి కూడా కనబడదు. కొండముచ్చులు పైనుంచి ఆ వెతుకులాట చూస్తూ కూర్చుంటాయి.

ఈ అడవిలో ఆడాలంటే ఆశ తగ్గించుకోవాలి. డ్రైవర్‌ను సంచిలోనే పడుకోనిచ్చి, చిన్న ఐరన్‌తో బంతిని బాట మధ్యకు చేరిస్తే చాలు. గాలి సంగతి కింద తెలియదు. తలెత్తి చిటారు కొమ్మలు చూడాలి. బాట చివర గుంట, దాంట్లో జెండా ఉండే నున్నటి గడ్డిని గ్రీన్ అంటారు. ఆ గ్రీన్లన్నీ వాగువైపు వాలి ఉంటాయి కాబట్టి జెండాకు ఇవతలే ఆగాలి. అవతలికి పోతే బంతి వాగుదాకా ఆగదు. ఒక బాట, దాని చివరి గుంట కలిపి ఒక హోల్. అన్నిటికంటే కష్టమైంది మూడో హోల్. కొంతదూరం తిన్నగా పోయి, ఒక పెద్ద మద్దిచెట్టు దగ్గర బాట ఎడమకు తిరుగుతుంది. మద్దిచెట్టుదాకా పోయి తిరగడమే మర్యాద. అడ్డదారిన చెట్లమీదుగా కొడదామనుకున్నవాళ్ళను అడవి లోపలికి పిలుచుకుంటుంది.

హన్మాండ్లును కూడా ఒకసారి పిలుచుకుంది. ఆ ఏడు ఆయన మగవాళ్ళ ఫైనల్‌కు వచ్చాడు. ఇది ఇద్దరి మధ్య ఆట. ఒక్కో హోల్‌లో ఎవరు తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేస్తే ఆ హోల్ వాళ్ళది, ఎక్కువ హోల్స్ గెలిచినవాళ్ళది కప్పు. మూడో హోల్‌లో ఆయన బంతి టేకుల్లో పడింది. రెండు చెట్ల మధ్య కిటికీ అంత సందు కనబడింది. దాంట్లోంచి జెండాకు దారి ఉంది. ఎన్నోసార్లు ఇతరులకు వద్దని చెప్పిన దెబ్బ అది. ఆయన కొట్టాడు. టేకుకు తగిలి టక్కుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టక్కుమంది. ఆ హోల్ పోయింది, ఆపైన నిబ్బరం పోయింది, చివరికి ఫైనల్ పోయింది. క్లబ్బు గోడమీద గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగు అక్షరాలతో రాసే చెక్క బోర్డు ఉంది. అక్కడ తన పేరు రావలసిన ఖాళీ కేసి చూస్తూ ఆ సాయంత్రం ఆయన చాలాసేపు నిలబడ్డాడు.

ఆ వారమే నన్ను కంపెనీ వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. నా ఒంటిని జానెడు కోయించాడు. ముఖాన్ని సుత్తితో కొట్టించి ఇంకా నిటారుగా చేయించాడు. వంగిన కొమ్మల కింద నిలబడి, చేతులు పూర్తిగా ఎత్తకుండానే, బంతిని చెట్లలోంచి పక్కకు, బాటమీదికి నెట్టడానికి నేను కావాలి. ముందుకు కాదు, పక్కకు. అందం పోయిందని మొదట్లో ఏడ్చినమాట నిజమే. కాని తర్వాత ఎన్ని ఏళ్ళు ఆయన్ను ఎన్ని చెట్లలోంచి బయటికి తెచ్చానో లెక్కలేదు.

ఆయన భార్య సుగుణ. మొదట్లో ఆదివారం పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని క్లబ్బుకు వచ్చి, బెంచీమీద కూర్చుని, ఇంత చిన్న బంతి కోసం ఇంత పెద్ద మనుషులు ఇంత దూరం నడుస్తారేమని నవ్వేది. ఒకరోజు హన్మాండ్లు ఆమె చేతికి కర్ర ఇచ్చాడు. కొట్టింది. బంతి తిన్నగా పోయింది. ఆమె కంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తర్వాత రోజూ పొద్దున్నే ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆమెకు ఆయన చెప్పిన పాఠం ఒకటే.

"అడివిల వడ్డంక ముంగటికి సూడకు సుగుణా. పక్కకు సూడు. ఒక్క దెబ్బ పోతే పోయె, బాటెక్కుతవు."

ఆమె విన్నది. పొయ్యిముందు సెగ తగ్గించుకుని పాలు కాచే మనిషి ఓపికతో ఆడేది. ఒక్క విషయంలో మాత్రం వినేది కాదు. డ్రైవర్ అంటే ఆమెకు ముచ్చట. అది చప్పుడు చేస్తూ బంతిని దూరం విసిరితే చిన్నపిల్లలా సంబరపడేది. ఆయన తల కొట్టుకునేవాడు. దాని గురించే ఇద్దరూ ఇంటిదాకా పోట్లాడుకుంటూ పోయేవాళ్ళు. సంచిలో ఊగుతూ వినడం నాకు బాగుండేది.

ఉద్యోగం అయిపోయి ఇద్దరూ కాలనీ బయట చిన్న ఇల్లు కట్టుకున్న రెండో ఏట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటలన్నీ పోయి నాలుగైదు మిగిలాయి. సుగుణ, చాయ్, ఇట్లాంటివి. వాటిల్లో ఒకటి బోర్డు. ఎందుకు మిగిలిందో ఏ డాక్టరూ చెప్పలేడు. కాని బుర్ర మాత్రం పోలేదు, ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. గోడమీది క్యాలెండరు కాగితం ఏ రోజుకారోజు ఆయనే చింపేవాడు. తన మందు గోలీలు తనే విడదీసుకునేవాడు. పేపర్లో వచ్చే అంకెల గళ్ళను ఎడమచేత్తో, వంకర అంకెలతో నింపి, సుగుణకు చూపించి కనుబొమలు ఎగరేసేవాడు. నన్ను తలుపు పక్కన చెప్పుల స్టాండు దగ్గర నిలబెట్టించుకుని, వచ్చేటప్పుడు పోయేటప్పుడు నా తల నిమిరేవాడు.

ఆ ఏడు ఆడవాళ్ళ ఫైనల్‌కు సుగుణ వచ్చింది. ఎదుటి మనిషి డాక్టర్ హైమవతి. కాకినాడవైపు మనిషి, సుగుణకు స్నేహితురాలు, హన్మాండ్లుకు వైద్యం చేస్తున్నది కూడా ఆమే. ఇంకోసారి పక్షవాతం వస్తే చెప్పలేమని సుగుణకు చాటుగా చెప్పింది ఆమే. ఫైనల్ ముందురోజు సాయంత్రం సుగుణ మొగుడి పక్కన కూర్చుని సంచిలో కర్రలు తుడుచుకుంటూ అన్నది:

"రేపు బోర్డు మీద మన ఇంటిపేరు రాపిస్త. మీరు కూసొని కండ్లారా సదువుకోండ్రి."

ఆయన "బోర్డు" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆమె కర్రలు లెక్కపెట్టుకుంది. ఈ ఆటలో ఒక నియమం ఉంది. సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. తక్కువున్నా ఫరవాలేదు, ఒక్కటి ఎక్కువైతే శిక్ష. నాతో చెట్లలోంచి బయటపడే విద్య ఆయనదే గాని ఆమెది కాదు, అందుకని ఆమె పద్నాలుగులో నేనెప్పుడూ లేను. ఆమె పద్నాలుగూ సరిచూసుకుని, సంచి తలుపు దగ్గర పెట్టి పడుకుంది.

తెల్లవారి సుగుణ స్నానానికి పోయింది. హన్మాండ్లు మంచం దిగి, గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ సంచి దగ్గరికి వచ్చాడు. ఎడమచేత్తో డ్రైవర్‌ను పట్టి లాగాడు. రాలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ లాగాడు. వచ్చింది. దాన్ని గోడకు ఆనించి, చెప్పుల స్టాండు దగ్గర, రోజూ నేను నిలబడే చోట, నా పక్కనే నిలబెట్టాడు. తర్వాత నన్ను తీసుకుని సంచిలోకి జార్చాడు. నా ఒళ్ళు పొట్టి కదా, మిగతా కర్రల మధ్య తల కూడా కనబడకుండా దిగిపోయాను. ఆయన సంచిలోకి వేలు పెట్టి, ఒక్కొక్క కర్ర తల తాకుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగు. తృప్తిగా తల ఊపి లోపలి గదిలోకి వెళ్ళి మంచంమీద పడుకున్నాడు. డ్రైవర్ వద్దు, చెట్లలో పడితే ఇది వాడు. నోటితో చెప్పలేకపోయినదాన్ని అలా చేత్తో చెప్పాడు.

సుగుణ తయారై గబగబా వచ్చింది. బయట హైమవతి కారు ఆగి ఉంది. సంచి భుజానికి తగిలించుకుని చెప్పులు వేసుకోబోతూ గోడకు ఆనిన డ్రైవర్‌ను చూసింది.

"అయ్యో, రాత్రి తుడిసి ఇక్కడనే మరిసినట్టున్న."

డ్రైవర్‌ను సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. రాత్రే లెక్కపెట్టుకున్నానన్న ధీమా. ఆ క్షణంలో నేను పద్నాలుగోదాన్నో, పదిహేనోదాన్నో మీరే చెప్పండి. సంచిలో చీకట్లో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఉంటే కదా ఆడటానికి.

మొదటి హోల్ సుగుణ గెలిచింది. రెండోది సమానమైంది. మూడో హోల్ దగ్గర ముచ్చటపడి డ్రైవర్ తీసింది. బంతి మద్దిచెట్టు దాటి, బాట తిరిగినచోట తిరగకుండా, టేకుల్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఒక్కతే, సంచిని నిలబెట్టిన చిన్న చక్రాల బండి లాక్కుంటూ చెట్లలోకి వచ్చింది. హైమవతి బాటకు అవతల తన బంతి దగ్గర ఉంది. కనుచూపు మేరలో ఇంకో మనిషి లేడు. సుగుణ బంతి చూసుకుంది, కొమ్మలు చూసుకుంది. ముందుకు చూడలేదు, పక్కకు చూసింది. ఏడో నంబరు ఐరన్ కోసం చెయ్యి పెట్టింది. చేతికి నేను తగిలాను.

బయటికి తీసి చూసి ముందు నవ్వింది. ఆయన చూస్తున్నట్టే నా తల నిమిరింది. తర్వాత ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. సంచిలోకి వంగి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఈ ఆటకు తప్పులు పట్టేవాడు పక్కన ఉండడు. అడవిలో ఎవరి బంతి దగ్గర వాళ్ళే. తప్పు జరిగితే జరిగినవాళ్ళే నోరు తెరిచి చెప్పుకోవాలి. ఆమె పక్కనే మోకాలెత్తున టేకాకులు పోగుపడి ఉన్నాయి. నన్ను వాటికింద తోసేస్తే వచ్చే వానలదాకా ఎవరికీ దొరకను. తోసెయ్యి తల్లీ అని నేను మొత్తుకున్నాను. ఇనుము మొత్తుకుంటే ఎవరికి వినబడుతుంది. ఆమె నన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. పిచ్చి మనిషి, ఏమీ తెలియక పెట్టిండు అని గొణుక్కుంది. కళ్ళు తుడుచుకుని, గట్టిగా కేకేసింది.

"డాక్టరమ్మా, ఇటు రాండ్రి. నా సంచిల ఒక కర్ర ఎక్కువున్నది."

హైమవతి వచ్చి నన్ను చూసింది. ఎవరి కర్రో ఆమెకు తెలుసు.

"ఇప్పుడు ఏం చేద్దామండీ?"

"చేసేదేమున్నది. రెండు హోల్సు పోతయి. రాసుకోండ్రి."

అదే శిక్ష. ఒక హోల్ ముందున్న మనిషి ఒక హోల్ వెనకపడింది. నన్ను ఆటలోంచి తీసేశానని అందరికీ తెలిసేలా సంచిలో తలకిందులుగా పెట్టింది. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు, విన్నాను. ఏడో నంబరుతో బంతి పక్కకు వచ్చి గడ్డిమీద పడిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత డ్రైవర్ చప్పుడు మళ్ళీ వినబడలేదు. సాయంత్రందాకా ఆమె పోరాడింది. ఆఖరి గ్రీన్‌మీద, ఆఖరి దెబ్బకు, ఒకే ఒక్క హోల్ తేడాతో ఓడిపోయింది. చప్పట్లు వినబడ్డాయి. ఆమె హైమవతిని కావలించుకుని "మంచిగాడినరు" అన్నది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంట్లో ఆయన వాకిట్లోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆమె ముఖం చూసి ఓడిపోయిందని గ్రహించాడు. బోర్డు సంగతి ఎత్తలేదు. సంచిలో ఇంకేదీ చూడకుండా నన్నే వెతికి చూపించి, ఎంతో కష్టపడి ఒక మాట కూడదీసుకున్నాడు.

"కొట్టినవా?"

ఆమె ఆయన కాళ్ళదగ్గర కూర్చుంది.

"కొట్టిన. మూడో హోల్‌ల చెట్లల్ల వడ్డ. మీ కర్రనే బయట వడేసింది. ఆఖరుకు నాదే తప్పయ్యి ఓడిపోయిన గని, మీ కర్ర మంచిగ పనిచేసింది."

ఆయన ముఖం వెలిగింది. ఎడమచెయ్యి ఆమె తలమీద పెట్టి అలాగే ఉంచాడు. అంత చక్కటి అబద్ధాన్ని నేను ఇంతవరకూ వినలేదు. అది అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

వారం తిరగకముందే హైమవతి బత్తాయిలు తీసుకుని చూడవచ్చింది. సుగుణ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను తలుపు పక్కన ఉన్నాను, సంచి నా పక్కనే ఉంది. హైమవతి మనసు మంచిది. మనుషుల్లో మంచి మనసువాళ్ళే కొంపలు ముంచుతారని ఆ రోజు తెలిసింది.

"మీ ఆవిడ లాంటి మనిషిని నేను చూళ్ళేదండీ అన్నయ్యగారూ. ఆ అడవిలో ఎవరున్నారు చెప్పండి? ఆ పదిహేనో కర్ర తీసి ఆకుల్లో పడేస్తే నాకేం తెలిసేది? తనే పిలిచి చెప్పింది. ఆ రెండు హోల్సూ పోకపోతే బోర్డు మీద పేరు తనదేనండి. కప్పు ఇంట్లో పెట్టుకున్నాను గాని, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది నాకు."

"పదేను?" అన్నాడు ఆయన.

నన్ను చూశాడు. లేదు, లేదు అని తల అడ్డంగా ఊపాడు. ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి, ఏదో పట్టి లాగినట్టు, గోడకు ఆనించినట్టు చూపించాడు. మళ్ళీ చూపించాడు. లేచి నడవడానికి ఊతకర్ర అడుగుతున్నాడనుకుని హైమవతి అది తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని తోసేసి సంచికేసి చూశాడు. అందులో డ్రైవర్ ఉంది. పెద్ద బుర్రతో, ఎప్పటిలాగే, దాని చోట్లో అది ఉంది. తీసి గోడకు ఆనించానని తాను అనుకున్న కర్ర అది. ఆయన దానికేసి చాలాసేపు చూశాడు. గాల్లో ఉన్న చెయ్యి మెల్లగా దిగింది. వేలితో తన నుదురు తట్టుకున్నాడు.

"పోయింది," అన్నాడు.

చాయ్ గ్లాసులతో వచ్చిన సుగుణకు ఆ చివరి మాట మాత్రం వినబడింది. హైమవతి ముఖం చూసి విషయం అర్థమై గ్లాసులు కింద పెట్టేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏం పోలే. మీకేం కాలే. ఒక్క కర్ర ఎక్కువ వెడితే ఏమైతది? పానం బాగలేనోళ్ళకు గట్లనే అయితది."

ఓదార్చాననే అనుకుంది. నాకు గుండె ఉంటే అప్పుడే పగిలిపోయేది. నువ్వే తీసుకున్నావు సుగుణా డ్రైవర్‌ను, ఆయన లెక్క తప్పలేదు. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పగలిగింది లోకంలో నేనొక్కదాన్నే. నాకేమో నోరు లేదు. ఆయనకు నోరుండీ మాట లేదు.

మర్నాటినుంచి ఆయన క్యాలెండరు కాగితం చింపలేదు. గోలీలు సుగుణ చేతిలో పెట్టి నువ్వే ఇమ్మని సైగ చేశాడు. పేపర్లో అంకెల గళ్ళు ఖాళీగానే పాత పేపర్ల కట్టలోకి పోయేవి. సుగుణ ఆటకు పోయే రోజున సంచిలో కర్రలన్నీ నేలమీద పరిపించేవాడు. లెక్కపెట్టేవాడు. పద్నాలుగు వచ్చినా నమ్మకుండా ఆమెచేత మళ్ళీ లెక్కపెట్టించేవాడు. ఆమె నవ్వుతూనే లెక్కపెట్టేది, బయటికి వచ్చాక ఏడ్చేది. నన్ను చూడాల్సి వస్తే ఆయన మొహం తిప్పుకునేవాడు. నా తలమీద మళ్ళీ చెయ్యి పెట్టలేదు. తన బుర్ర తనది కాదని నమ్మిన మనిషి ఎంతకాలం ఉంటాడు? వానలు మొదలైన నెలలో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆయన్ను వదల్లేదు.

సుగుణ చాలాకాలం ఆట ముట్టలేదు. మళ్ళీ టేకాకులు రాలడం మొదలయ్యాక హైమవతి పట్టుబట్టి, రేపు వచ్చి తీసుకుపోతానని చెప్పింది. పొద్దున్నే సుగుణ సంచి దులిపి కర్రలు లెక్కపెట్టుకుంది. పద్నాలుగున్నాయి. సంచి భుజాన వేసుకోబోతూ నాకేసి చూసింది.

"ఇయ్యాల నువ్వు రా," అన్నది. "ఆయనకు అబద్ధం చెప్పిన. ఒక్కపారన్న నిజంగ కొడుత."

నేను రావాలంటే ఒకటి దిగాలి. ఆమె సంచిమీద చెయ్యి పెట్టి ఆలోచించింది. ఆయన మాటే గుర్తొచ్చిందేమో, డ్రైవర్‌ను పట్టి లాగింది. చెప్పుల స్టాండు పక్కన, నా చోట్లో, గోడకు ఆనించింది. నన్ను సంచిలోకి జార్చింది. నేను తల కూడా కనబడకుండా దిగిపోయాను.

బయట కారు హారన్ మోగింది. సుగుణ చెప్పులు వేసుకోవడానికి వంగింది. గోడకు ఆనిన డ్రైవర్ కనబడింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి దానిమీదికి పోయింది. పట్టుకుంది కూడా.

అక్కడ ఆగింది.

డ్రైవర్‌ను చూసింది. గోడను చూసింది. సంచిలో, కర్రల మధ్య అడుక్కు దిగిన నన్ను వెతికి చూసింది. మళ్ళీ గోడను చూసింది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. మెల్లగా, గోడ పట్టుకుని, చెప్పుల మధ్యే కింద కూర్చుండిపోయింది.

"మీరు తీసిన్రు," అన్నది. "మీరు తీసే పెట్టిన్రు. నేనే మల్ల వేసుకున్న."

హారన్ ఇంకోసారి మోగింది. ఆమె లేవలేదు. నేను సంచిలో ఉన్నాను, పద్నాలుగోదాన్ని. ఆయన తన చేత్తో పెట్టిన ఆ పొద్దున కూడా నేను పద్నాలుగోదాన్నే.